క్లౌడ్ సెక్యూరిటీ లాగ్‌లు బకెట్‌లోకి రావడం లేదా? స్టోరేజ్ పర్మిషన్లు సరిచేసే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

విశాఖలో ఋషికొండ, మధురవాడ వైపు చిన్న ఐటీ టీమ్‌ల నుంచి పదేపదే వచ్చే ప్రశ్న ఇది: "క్లౌడ్‌ట్రైల్ ఆన్‌లోనే ఉందండి, బకెట్ కూడా ఉంది, లాగ్‌లు మాత్రం రావడం లేదు. పాలసీలో ఏం రాయాలో చెప్పండి." (అకౌంట్‌లో ఎవరు ఏ పని చేశారో రాసిపెట్టే ఏడబ్ల్యూఎస్, అంటే అమెజాన్ క్లౌడ్, సర్వీసే క్లౌడ్‌ట్రైల్. ఆ రికార్డులు, అంటే లాగ్‌లు, వచ్చి పడే స్టోరేజ్ డబ్బా బకెట్. ఎవరికి ఏ అనుమతి ఉందో రాసిన పత్రం పాలసీ.) అడిగేవాళ్లలో సగంమంది అప్పటికే ఓపిక నశించి బకెట్‌ను బార్లా తెరిచేసి ఉంటారు. ఆ పని మాత్రం చేయకండి. రేపు మీ కస్టమర్ డేటా ఎవరు ముట్టుకున్నారో చెప్పగలిగే సాక్ష్యం ఆ బకెట్‌లోనే ఉంటుంది. దాన్ని అందరికీ తెరిచిపెట్టడం కంటే లాగ్ ఒక పూట ఆలస్యంగా రావడమే నయం.

డెలివరీ ఆగిందంటే నిరాకరించినది సాధారణంగా ఈ మూడింటిలో ఒకటి అయి ఉంటుంది: బకెట్ పాలసీ, ఎక్కడో ఉన్న డినై (నిరాకరించు) స్టేట్‌మెంట్, లేదా ఎన్‌క్రిప్షన్ కీ. ఆ ఒక్కటి ఏదో తేల్చి, అక్కడే చేయి పెట్టాలి. ఈ మార్గదర్శి ఎక్కువగా ఏడబ్ల్యూఎస్ క్లౌడ్‌ట్రైల్ నుంచి ఎస్3 (ఏడబ్ల్యూఎస్ స్టోరేజ్ సర్వీస్) బకెట్‌కు వెళ్లే లాగ్‌ల గురించి. మిగతా లాగ్‌లు, మిగతా క్లౌడ్‌లు 8వ మెట్టులో ఉన్నాయి.

## 1. ముందు దగ్గర పెట్టుకోవలసినవి

కన్సోల్ తెరవకముందే ఒక కాగితం మీదో నోట్‌ప్యాడ్‌లోనో ఇవి రాసుకోండి. సగం తప్పులు ఇవి రాస్తుండగానే బయటపడతాయి.

- ట్రైల్ (లాగ్‌లు ఎక్కడికి పంపాలో చెప్పే క్లౌడ్‌ట్రైల్ సెట్టింగ్) పూర్తి ఏఆర్ఎన్, అంటే ఏడబ్ల్యూఎస్‌లో దాని పూర్తి చిరునామా (పేరు ఒక్కటే చాలదు, ట్రైల్‌ను సృష్టించిన హోమ్ రీజియన్, అకౌంట్ నంబరు కూడా అందులో ఉంటాయి)
- బకెట్ పేరు, అది ఏ అకౌంట్‌లో, ఏ రీజియన్‌లో ఉంది: ముంబైయా, హైదరాబాదా
- ట్రైల్‌లో ఇచ్చిన ప్రిఫిక్స్ (బకెట్‌లో లాగ్ దారికి ముందు వచ్చే ఫోల్డర్ పేరు), అక్షరం అక్షరం ఉన్నది ఉన్నట్టు
- కేఎంఎస్ (ఏడబ్ల్యూఎస్ ఎన్‌క్రిప్షన్ కీ సర్వీస్) కీ వాడుతుంటే దాని ఏఆర్ఎన్, రీజియన్
- ఇది ఒక్క అకౌంట్ ట్రైలా, కంపెనీ అకౌంట్లన్నిటికీ కలిపి పెట్టే ఆర్గనైజేషన్ ట్రైలా
- ఇప్పుడున్న బకెట్ పాలసీ, కీ పాలసీల కాపీలు, తేదీ వేసిన ఫైళ్లుగా

చివరిది ఎందుకంటే, బకెట్ పాలసీని సేవ్ చేసినప్పుడు కొత్త ముక్క పాతదానికి జతకాదు, మొత్తం పాలసీయే మారిపోతుంది. కాపీ లేకపోతే వెనక్కి వెళ్లే దారి ఉండదు.

తొందర ఎంత అన్నది కూడా తెలిసి ఉండాలి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులపాటు భద్రంగా ఉండాలి, సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లోపు రిపోర్టు చేయాలి. ఘటన జరిగాక బకెట్ ఖాళీగా ఉందని తెలుసుకుంటే ఆ 6 గంటల్లో చేయగలిగేది చాలా తక్కువ.

## 2. అసలు రాలేదా, వచ్చింది కనబడలేదా, కనబడింది తెరుచుకోలేదా

పర్మిషన్ల మీద పడే ముందు ఈ మూడింటిలో మీది ఏదో తేల్చుకోండి. మూడింటికీ మందు వేరు.

వచ్చింది, కనబడలేదు. క్లౌడ్‌ట్రైల్ ఫోల్డర్లు ఈ వరసలో ఉంటాయి: ప్రిఫిక్స్, ఏడబ్ల్యూఎస్‌లాగ్స్, అకౌంట్ నంబరు, క్లౌడ్‌ట్రైల్, రీజియన్, ఏడాది, నెల, రోజు. ఈ రోజు మన రోజు కాదు, యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) రోజు. మన గడియారం దానికంటే 5:30 గంటలు ముందుంటుంది. కాబట్టి నైట్ షిఫ్ట్‌లో ఉన్నవాళ్లు మార్చి 15 తెల్లవారుజామున 4:30కి చేసిన పని లాగ్‌లో మార్చి 14 రాత్రి 11:00గా నమోదై 14 ఫోల్డర్‌లో ఉంటుంది. 15 ఫోల్డర్ ఇంకా పుట్టనే లేదు. "ఇవాళ్టి ఫోల్డరే రాలేదు సార్" అని పొద్దున్నే వచ్చే ఫోన్లలో చాలావాటికి కారణం ఇదే.

ఇదే కోవలో మరొకటి: లైఫ్‌సైకిల్ రూల్. 90 రోజులకు చెరిపేయమని ఎవరో పెట్టిన రూల్ ఉంటే పాత లాగ్‌లు వచ్చి పోయినట్టు లెక్క. మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో ఒకసారి చూడండి.

కనబడింది, తెరుచుకోలేదు. ఫైల్ బకెట్‌లో ఉంది, డౌన్‌లోడ్ నొక్కితే యాక్సెస్ డినైడ్ వస్తోంది. డెలివరీకి దీంతో సంబంధం లేదు. లోపం మీ యూజర్ లేదా రోల్ వైపు ఉంది: ఎస్3లో చదివే అనుమతి లేదు, లేదా కేఎంఎస్‌లో డిక్రిప్ట్ అనుమతి లేదు. ఇక్కడ బకెట్ పాలసీలో క్లౌడ్‌ట్రైల్ భాగాన్ని కెలికితే చక్కగా వస్తున్న లాగ్ కూడా ఆగుతుంది. ఇంకో సంగతి, లిస్ట్‌బకెట్ అనుమతి లేని యూజర్‌కు అసలు లేని ఫైల్ అడిగినా "లేదు" అని రాదు, "అనుమతి లేదు" అనే వస్తుంది. ఆ మాట చూసి ఫైల్ ఉందని అనుకోవద్దు.

నిజంగానే రాలేదు. అయితే 3వ మెట్టుకు రండి. సాధారణంగా ఒక పని జరిగాక సగటున 5 నిమిషాల్లో లాగ్ బకెట్‌కు చేరుతుంది, కానీ అది హామీ కాదు. పావుగంట ఆగి చూసి అప్పుడు రాలేదని తేల్చండి.

## 3. ఎర్రర్ పేరు చదవండి

కమాండ్ లైన్‌లో గెట్-ట్రైల్-స్టేటస్ నడపండి. ట్రైల్ హోమ్ రీజియన్‌లో నడపండి. జవాబులో చూడాల్సినవి మూడు:

- ఈజ్‌లాగింగ్: ఇది ఫాల్స్ అయితే ఎవరో లాగింగే ఆపేశారు. పర్మిషన్ల జోలికి వెళ్లకుండా ముందు ఎవరు ఆపారో కనుక్కోండి (7వ మెట్టు).
- లేటెస్ట్ డెలివరీ టైమ్: చివరిసారి ఎప్పుడు అందింది. ఏ గంటకు ఆగిందో ఆ గంటకు అటూ ఇటూ జరిగిన మార్పే దోషి.
- లేటెస్ట్ డెలివరీ ఎర్రర్: ఎస్3 చెప్పిన కారణం.

"నో సచ్ బకెట్" అంటే బకెట్ చెరిగిపోయింది, లేదా పేరు తప్పు. "యాక్సెస్ డినైడ్" అంటే 4, 5 మెట్లు చూడాలి. కేఎంఎస్ అన్న మాట కనబడితే నేరుగా 6కు వెళ్లండి. ట్రైల్‌ను కొత్తగా పెడుతుండగానే "ఇన్‌సఫిషియంట్ ఎస్3 బకెట్ పాలసీ" అని వస్తే అది 4వ మెట్టు, "ఇన్‌సఫిషియంట్ ఎన్‌క్రిప్షన్ పాలసీ" అంటే 6వ మెట్టు.

నెట్‌వర్క్ ఆలస్యం వల్ల టైమ్‌అవుట్ అయిన ప్రయత్నాలు ఈ ఎర్రర్ గడిలో రావు. గడి నిండి ఉంటే అసలు సమస్య బకెట్ వైపే ఉందని నమ్మి ముందుకు వెళ్లవచ్చు.

## 4. బకెట్ పాలసీ: రెండు అనుమతులు, నాలుగు పోలికలు

క్లౌడ్‌ట్రైల్ మీ ఐఏఎం యూజర్‌గా (మీ అకౌంట్‌లో లాగిన్ ఉన్న యూజర్‌గా) రాదు. సొంత సర్వీస్ పేరుతో వచ్చి బకెట్ తలుపు తడుతుంది. అందుకే మీకు అడ్మిన్ అధికారం ఉన్నా దానికి ఒరిగేదేమీ లేదు. బకెట్ పాలసీలో దాని పేరు మీద రెండు స్టేట్‌మెంట్లు ఉండాలి.

మొదటిది, గెట్ బకెట్ ఏసీఎల్ (ఏసీఎల్ అంటే ఎవరికి ఏ యాక్సెస్ ఉందో చెప్పే పాత తరహా జాబితా). ఇది బకెట్ మీద. రిసోర్స్ దగ్గర బకెట్ ఏఆర్ఎన్ ఒక్కటే ఉండాలి, చివర స్లాష్ గానీ నక్షత్రం గానీ ఉండకూడదు.

రెండోది, పుట్ ఆబ్జెక్ట్. ఇది బకెట్ లోపల పడే ఫైళ్ల మీద. రిసోర్స్ దగ్గర బకెట్ ఏఆర్ఎన్, స్లాష్, ప్రిఫిక్స్, స్లాష్, ఏడబ్ల్యూఎస్‌లాగ్స్, స్లాష్, అకౌంట్ నంబరు, స్లాష్, నక్షత్రం ఉండాలి. కండిషన్‌లో ఏసీఎల్ విలువ "బకెట్ ఓనర్ ఫుల్ కంట్రోల్" అని ఉండాలి.

ఈ రెండింటి రిసోర్సులు తారుమారు కావడం నేను అన్నిటికంటే ఎక్కువగా చూసే తప్పు. ఎవరో రెండు స్టేట్‌మెంట్లనూ కలిపి ఒకటి చేస్తారు, రిసోర్స్ చివర నక్షత్రం పెడతారు, చూడ్డానికి పొందిగ్గా ఉంటుంది. కానీ గెట్ బకెట్ ఏసీఎల్‌కు బకెట్ మీద అనుమతి పోయింది, డెలివరీ ఆగింది.

ఇప్పుడు 1వ మెట్టులో రాసిన కాగితం పక్కన పెట్టుకుని నాలుగు పోలికలు చేయండి.

ప్రిఫిక్స్ పోలిక. ట్రైల్‌లో ఉన్నదీ, పాలసీలో ఉన్నదీ అచ్చం ఒకటే కావాలి. మధురవాడలో హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ చేసే ఒక టీమ్ దగ్గర పాలసీలో ప్రిఫిక్స్ "ప్రొడ్-ఆడిట్" అని ఉంది, ట్రైల్‌లో "ప్రొడ్-ఆడిట్/" అని చివర స్లాష్‌తో ఉంది. పాలసీ ఒక స్లాష్ ఆశిస్తోంది, ఫైల్ దారిలో రెండు పడుతున్నాయి. కళ్లతో చూస్తే తేడా పట్టుబడదు. రెండు లైన్లనూ ఒకదాని కింద ఒకటి పేస్ట్ చేసి చూస్తే ఒక అక్షరం పొడుగు తెలుస్తుంది. ప్రిఫిక్స్ మార్చాలనుకుంటే ముందు పాలసీ మార్చి, ఆ తర్వాత ట్రైల్ మార్చండి.

అకౌంట్ నంబరు పోలిక. వేరే అకౌంట్ ట్రైల్ మీ బకెట్‌లో రాయాలంటే ఆ అకౌంట్ నంబరుతో ఉన్న దారి కూడా రిసోర్స్ జాబితాలో ఉండాలి. ఆర్గనైజేషన్ ట్రైల్ అయితే రెండు దారులు కావాలి: మేనేజ్‌మెంట్ అకౌంట్ నంబరుది ఒకటి, "ఓ-"తో మొదలయ్యే ఆర్గనైజేషన్ ఐడీది ఒకటి. రెండోది మరిచిపోతే సభ్య అకౌంట్ల లాగ్‌లు ఒక్కటీ రావు.

సోర్స్ ఏఆర్ఎన్ పోలిక. పాలసీలో సోర్స్ ఏఆర్ఎన్ కండిషన్ ఉండడం మంచిదే, వేరొకరి ట్రైల్ మీ బకెట్‌లోకి రాయకుండా కాపాడుతుంది. కానీ ట్రైల్‌ను చెరిపి కొత్త పేరుతో పెట్టినా, హోమ్ రీజియన్ ముంబై నుంచి హైదరాబాద్‌కు మారినా ఈ ఏఆర్ఎన్ పాతదై కూర్చుంటుంది. కండిషన్ తీసేయకండి, విలువ సరిచేయండి.

ఏసీఎల్ సంగతి. 2023 ఏప్రిల్ నుంచి కొత్త బకెట్లలో ఏసీఎల్‌లు డిఫాల్టుగా ఆఫ్‌లో ఉంటున్నాయి. అది చూసి కండిషన్ తీసేయాలేమోనని కంగారు పడతారు. అవసరం లేదు, "బకెట్ ఓనర్ ఫుల్ కంట్రోల్"తో వచ్చే ఫైళ్లను ఆ బకెట్లు తీసుకుంటాయి. అలాగే బ్లాక్ పబ్లిక్ యాక్సెస్ ఆన్‌లో ఉన్నా డెలివరీకి అడ్డు కాదు. దాన్ని ఆఫ్ చేయమని ఎవరు చెప్పినా వినకండి.

## 5. అనుమతి ఉన్నా ఆపే డినై

అలౌ (అనుమతించు) అన్నీ సరిగ్గా ఉన్నా యాక్సెస్ డినైడ్ వస్తోందా? పాలసీలో డినై అన్న మాట వెతకండి. డినై ఒక్కటుంటే పది అలౌలు ఉన్నా లాభం లేదు.

పరవాడ ఫార్మా కంపెనీలకు సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ల దగ్గర ఇది ఎక్కువ. ఆడిట్‌కు ముందు ఎవరో "మన ఆఫీస్ ఐపీ నుంచి తప్ప ఎవరూ బకెట్ ముట్టుకోకూడదు" అని ఒక డినై పెడతారు. ఉద్దేశం మంచిది. కానీ క్లౌడ్‌ట్రైల్ మీ ఆఫీస్ ఐపీ నుంచి రాదు కదా. ఇలా డెలివరీని ఆపే డినైలు నాలుగు రకాలుగా కనబడతాయి:

- ఫలానా ఐపీ కాకపోతే నిరాకరించు
- ఫలానా వీపీసీ (క్లౌడ్‌లో మీ ప్రైవేట్ నెట్‌వర్క్) ఎండ్‌పాయింట్ నుంచి కాకపోతే నిరాకరించు
- మా ఆర్గనైజేషన్ ఐడీ ఉన్న ప్రిన్సిపల్, అంటే యాక్సెస్ అడిగేవారు, కాకపోతే నిరాకరించు (సర్వీసుకు ఆ ఐడీ ఉండదు)
- ఫలానా ఎన్‌క్రిప్షన్ హెడర్ లేకపోతే నిరాకరించు (ట్రైల్‌లో కీ పెట్టకుండా పాలసీలో మాత్రం కేఎంఎస్ తప్పనిసరి చేసినప్పుడు)

మొదటి మూడింటికీ మందు ఒకటే. ఆ డినైలో "ప్రిన్సిపల్ ఈజ్ ఏడబ్ల్యూఎస్ సర్వీస్ ఫాల్స్ అయితేనే" అన్న కండిషన్ చేర్చండి. మనుషులకు ఆంక్ష అలాగే ఉంటుంది, సర్వీసుకు దారి వస్తుంది. డినై మొత్తం తీసేస్తే ఆడిటర్ అడిగిన రక్షణ పోతుంది. నాలుగోదానికి ట్రైల్‌లో కీ పెట్టండి.

బకెట్ పాలసీలో ఏమీ దొరక్కపోతే ఆర్గనైజేషన్ వైపు చూడండి. సర్వీస్ కంట్రోల్ పాలసీ అకౌంట్‌లోని యూజర్లకూ రోల్స్‌కూ వర్తిస్తుంది కానీ సర్వీస్ సొంతంగా చేసే పిలుపుకు వర్తించదు, కాబట్టి దాని మీద సమయం పెట్టొద్దు. 2024 నవంబరులో వచ్చిన రిసోర్స్ కంట్రోల్ పాలసీ అలా కాదు, అది బకెట్‌నే కాపలా కాస్తుంది. సర్వీసుకు మినహాయింపు ఇవ్వకుండా రాస్తే డెలివరీ ఆగుతుంది. అది మీ అకౌంట్‌లో కనబడదు, మేనేజ్‌మెంట్ అకౌంట్ వాళ్లను అడగాల్సిందే.

డినై రాస్తూ మీరే బయటపడిపోతే, అంటే పాలసీ మార్చే అధికారం కూడా మీకు లేకుండా పోతే, బకెట్ ఉన్న అకౌంట్ రూట్ యూజర్ ఆ పాలసీని తీసేయగలడు. రూట్ లాగిన్ ఎవరి దగ్గరుందో ముందే తెలుసుకుని పెట్టుకోండి.

## 6. ఎన్‌క్రిప్షన్ కీ

బకెట్ అంతా బాగుంది, కీ ఒప్పుకోవడం లేదు. ఇక్కడ చూడాల్సినవి:

- కీ, బకెట్ ఒకే రీజియన్‌లో ఉన్నాయా? బకెట్ హైదరాబాద్, కీ ముంబై అయితే కుదరదు.
- కీ ఎనేబుల్ అయి ఉందా? డిసేబుల్ చేశారా, చెరిపివేతకు పెట్టారా? పెడితే 7 నుంచి 30 రోజుల గడువు ఉంటుంది, ఆలోపు రద్దు చేయవచ్చు. గడువు దాటితే ఆ కీతో ఉన్న పాత లాగ్‌లు ఇక తెరుచుకోవు. ఇది కనబడితే మిగతావన్నీ ఆపి ముందు దీన్ని రద్దు చేయండి.
- కీ పాలసీలో క్లౌడ్‌ట్రైల్‌కు జెనరేట్ డేటా కీ, డిస్క్రైబ్ కీ అనుమతులు ఉన్నాయా?
- ఎన్‌క్రిప్షన్ కాంటెక్స్ట్ కండిషన్‌లో ఉన్న అకౌంట్ నంబరు ట్రైల్ ఉన్న అకౌంట్‌దేనా? ఆర్గనైజేషన్ ట్రైల్ అయితే అది మేనేజ్‌మెంట్ అకౌంట్‌ది కావాలి.

రాయడానికి పైన చెప్పిన జెనరేట్ డేటా కీ, డిస్క్రైబ్ కీ చాలు. చదవడానికి డిక్రిప్ట్ కావాలి, అది చదివే మనుషుల రోల్‌కు ఇవ్వాలి. రాసే అనుమతినీ, చదివే అనుమతినీ కలిపేసి అందరికీ అన్నీ ఇచ్చేస్తే కీ పెట్టి ప్రయోజనం ఉండదు.

## 7. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు

నిన్నటిదాకా వచ్చి ఇవాళ ఆగిందంటే ఏదో మారింది. ట్రైల్ డెలివరీ ఆగినా ఈవెంట్ హిస్టరీ పనిచేస్తూనే ఉంటుంది. గత 90 రోజుల మేనేజ్‌మెంట్ ఈవెంట్లు అందులో ఉచితంగా దొరుకుతాయి. కన్సోల్‌లో రీజియన్‌ను బకెట్ రీజియన్‌కు మార్చి ఈ పేర్లతో వెతకండి:

- పుట్ బకెట్ పాలసీ, డిలీట్ బకెట్ పాలసీ
- పుట్ బకెట్ ఎన్‌క్రిప్షన్
- పుట్ కీ పాలసీ, డిసేబుల్ కీ, షెడ్యూల్ కీ డిలీషన్
- స్టాప్ లాగింగ్, అప్‌డేట్ ట్రైల్, డిలీట్ ట్రైల్ (ఇవి ట్రైల్ హోమ్ రీజియన్‌లో)

చాలాసార్లు దొరికేది మనిషి కాదు, టెర్రాఫామ్ (కోడ్‌తో క్లౌడ్ సెట్టింగులు పెట్టే టూల్) నడిపే రోల్. జరిగేది ఇదీ: కన్సోల్‌లో ఎవరో వీపీసీ ఫ్లో లాగ్ (నెట్‌వర్క్ ట్రాఫిక్ రికార్డు) అదే బకెట్‌కు పెడతారు. పెట్టినవాళ్లకు అధికారం ఉంటే కావలసిన స్టేట్‌మెంట్‌ను ఏడబ్ల్యూఎస్ తనంతట తానే బకెట్ పాలసీలో చేరుస్తుంది. ఆ సంగతి టెర్రాఫామ్‌కు తెలియదు. తర్వాతి అప్లైలో తన దగ్గరున్న పాత పాలసీని మొత్తంగా పైన వేస్తుంది, ఫ్లో లాగ్ స్టేట్‌మెంట్ పోతుంది. రెండు వేరు వేరు మాడ్యూళ్లు ఒకే బకెట్‌కు పాలసీ రాస్తుంటే ఇంకా ఘోరం, ఒకదాన్ని ఒకటి చెరుపుకుంటూ ఉంటాయి. ఒక బకెట్‌కు పాలసీ ఒకే చోట, ఒకే ఫైల్‌లో ఉండాలి. కన్సోల్‌లో చేతితో సరిచేసినది అదే రోజు కోడ్‌లోకి వెళ్లాలి, లేకపోతే వచ్చే వారం మళ్లీ ఇదే వెతుకులాట.

ఆగిన సమయంలో స్టాప్ లాగింగో, కీ డిసేబులో తెలియని యూజర్ పేరు మీద కనబడితే దాన్ని పర్మిషన్ సమస్యగా చూడకండి. దాడి చేసేవాళ్లు మొదట ఆపేది లాగ్‌నే. వెంటనే మీ సెక్యూరిటీ బాధ్యుణ్ణి లేపండి.

## 8. మిగతా లాగ్‌లు, మిగతా క్లౌడ్‌లు

వీపీసీ ఫ్లో లాగ్‌లు. ఇవి వచ్చే సర్వీస్ పేరు వేరు, లాగ్ డెలివరీ సర్వీస్. క్లౌడ్‌ట్రైల్‌కు ఇచ్చిన అనుమతి వీటికి పనికిరాదు. ఫ్లో లాగ్ స్టేటస్‌లో "యాక్సెస్ ఎర్రర్" అని ఉంటే బకెట్ పాలసీయో, కీ పాలసీయో చూడాలి. బకెట్‌కు కేఎంఎస్ ఎన్‌క్రిప్షన్ ఉంటే మీ సొంత కీ కావాలి. ఏడబ్ల్యూఎస్ ఇచ్చే డిఫాల్ట్ కేఎంఎస్ కీ పాలసీని మార్చలేం కాబట్టి దానితో కుదరదు.

అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ యాక్సెస్ లాగ్‌లు. బకెట్ అదే రీజియన్‌లో ఉండాలి, ఎన్‌క్రిప్షన్ ఎస్3 సొంత కీతోనే (ఎస్ఎస్ఈ-ఎస్3) ఉండాలి, కేఎంఎస్ పనికిరాదు. ముంబై పాలసీని హైదరాబాద్‌కు కాపీ కొట్టేవాళ్లు జాగ్రత్త: ముంబైకి పాత పద్ధతిలో లోడ్ బ్యాలెన్సర్ అకౌంట్ నంబరుతో రాసిన పాలసీలుంటాయి, 2022 నవంబరులో తెరుచుకున్న హైదరాబాద్ రీజియన్‌కు లోడ్ బ్యాలెన్సర్ లాగ్ డెలివరీ సర్వీస్ పేరుతో రాయాలి (ఫ్లో లాగ్‌ల సర్వీస్ పేరు కాదు, అది వేరు). ఆన్ చేయగానే బకెట్‌లో ఒక టెస్ట్ ఫైల్ పడుతుంది. అది పడి లాగ్‌లు రాలేదంటే అనుమతి బాగానే ఉంది, ట్రాఫిక్ ఉందో లేదో చూసుకోండి.

గూగుల్ క్లౌడ్. లాగ్ సింక్ (లాగ్‌లు ఎక్కడికి పంపాలో చెప్పే సెట్టింగ్) పెట్టినప్పుడు దానికొక రైటర్ ఐడెంటిటీ వస్తుంది. ఆ సర్వీస్ అకౌంట్‌కు బకెట్ మీద స్టోరేజ్ ఆబ్జెక్ట్ క్రియేటర్ రోల్ ఇవ్వాలి. లాగ్‌లు గంటకోసారి కట్టగా వస్తాయి, మొదటిసారి రెండు మూడు గంటలు పట్టవచ్చు. అరగంటకే పాలసీ మార్చేయకండి.

అజూర్. స్టోరేజ్ అకౌంట్‌కు ఫైర్‌వాల్ పెట్టి ఉంటే నమ్మకమైన మైక్రోసాఫ్ట్ సర్వీసులను అనుమతించే గడి టిక్ అయి ఉండాలి. రీజియన్‌కు చెందిన రిసోర్స్ లాగ్‌లకు స్టోరేజ్ కూడా అదే రీజియన్‌లో ఉండాలి.

## 9. సరిచేసే క్రమం

1. పాత పాలసీల కాపీ తీయండి.
2. ఒక్క మార్పు చేయండి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.
3. సేవ్ చేసే ముందు పాలసీ ఎడిటర్‌లో యాక్సెస్ అనలైజర్ చూపే హెచ్చరికలు చదవండి.
4. అకౌంట్‌లో చిన్న పని ఏదైనా చేసి పావుగంట ఆగండి.
5. లేటెస్ట్ డెలివరీ టైమ్ ముందుకు కదిలిందా చూడండి. బకెట్‌లో యూటీసీ తేదీ ఫోల్డర్ తెరవండి.
6. కదల్లేదంటే ఆ మార్పు వెనక్కి తీసి తర్వాతి అనుమానానికి వెళ్లండి.
7. కదిలితే కోడ్‌లో కూడా రాయండి, ఎందుకు మార్చారో ఒక లైన్ కామెంట్‌తో.

## 10. ఆగిన రోజుల లాగ్‌లు

బకెట్‌కు చేరలేకపోయిన లాగ్‌లను క్లౌడ్‌ట్రైల్ 30 రోజులపాటు మళ్లీ మళ్లీ పంపడానికి ప్రయత్నిస్తుంది. ఆలోపు సరిచేస్తే వెనకబడినవి వస్తాయి. మిగతా లాగ్‌ల విషయంలో ఇలాంటి ఆశ పెట్టుకోకండి, ఫ్లో లాగ్ ఆగితే వెంటనే చూడండి.

30 రోజులు దాటిందా? ఈవెంట్ హిస్టరీలో 90 రోజుల మేనేజ్‌మెంట్ ఈవెంట్లు ఉన్నాయి కదా, వాటిని రీజియన్ వారీగా డౌన్‌లోడ్ చేసి భద్రపరచండి. ఎస్3 ఫైళ్లు ఎవరు తెరిచారన్న డేటా ఈవెంట్లు మాత్రం అందులో దొరకవు.

లాగ్ ఫైల్ వాలిడేషన్ ఆన్‌లో ఉంటే గంటకో డైజెస్ట్ ఫైల్ (ఆ గంటలో వచ్చిన లాగ్ ఫైళ్ల జాబితా, వాటి హ్యాష్‌లు) వస్తుంది. ఆగిన కాలానికి మొదలు, చివర సమయాలు ఇచ్చి వాలిడేట్-లాగ్స్ కమాండ్ నడపండి. ఏ ఫైల్ లేదో, ఏది మారిందో అది చెబుతుంది. ఆడిటర్‌కు ఆ ఫలితం జతచేయండి.

ఆ తర్వాత రోజూ ఒకసారి గెట్-ట్రైల్-స్టేటస్ నడిపి, చివరి డెలివరీ గంటకంటే పాతదైతే టీమ్ మొత్తానికి మెసేజ్ వెళ్లే చిన్న స్క్రిప్ట్ పెట్టండి. ఒక్కరికే వెళ్లేలా పెట్టొద్దు, ఆ ఒక్కరూ సెలవులో ఉన్న వారమే అది మోగుతుంది. ఆ స్క్రిప్ట్ రోల్‌కు ట్రైల్ స్టేటస్ చదివే అనుమతి ఒక్కటి చాలు.